పద్నాలుగు గంటల ముప్పై ఆరు నిమిషాలు

నడిపివాడికి యాభై దాటినా ఇంట్లో ఎవరికీ అతని అసలు పేరుతో పని పడలేదు. పైన అక్క, కింద తమ్ముడు, మధ్యలో తను. అక్క ‘నడిపోడా’ అంటుంది, తమ్ముడు ‘అన్నయ్యా’ అంటాడు. ఆఫీసులో అందరికీ ‘మాస్టారు’. అలాగని అతను ఎవరికీ పాఠాలు చెప్పలేదు. టీ తాగడానికి ఎన్నింటికి వెళదాం అని అడిగినా గడియారం కేసి చూసి, వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని గానీ నోరు విప్పడని ఆ పేరు పెట్టారు.

అతని ఉద్యోగం విమానాలకు దారి వేయడం. డిస్పాచర్ అంటారు. విమానం నడిపేది పైలట్లే. కానీ ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పొయ్యాలి, మధ్యలో ఏదైనా జరిగితే ఎక్కడ దిగాలి అన్నది నేల మీద ఒక గదిలో కూర్చుని తేల్చేది అతనిలాంటి వాళ్లు. కిటికీల్లేని గది. పన్నెండు బల్లలు, బల్లకి నాలుగు తెరలు, గోడకి వరసగా రకరకాల ఊళ్ల టైము చూపించే గడియారాలు. కెప్టెన్ సంతకం, డిస్పాచర్ సంతకం రెండూ పడితేనే విమానం కదులుతుంది. గాల్లో ఉండగా దారి మార్చాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ పని చేస్తూ అతను విమానం ఎక్కింది ఆరేడు సార్లకు మించదు.

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. నలభై ఆరేళ్లు. నోరున్న మనిషి, నవ్వించే మనిషి. రెండేళ్ల కిందట మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. ఊపిరితిత్తులు లోపల గట్టిపడిపోతున్నాయన్నారు, ఎందుకో తెలియదన్నారు. మొదట బస్సు మానేశాడు, తర్వాత మేడ మీది గది మానేశాడు, తర్వాత మంచం దిగడం మానేశాడు. ఆ వారం ఆసుపత్రిలో చేర్చాక డాక్టరమ్మ నడిపివాణ్ణి వరండాలోకి పిలిచి, “దగ్గరివాళ్లు ఎవరైనా రావాల్సి ఉంటే ఇప్పుడే రమ్మనండి. రెండు రోజులు, మూడు రోజులు... అంతకన్నా నేను చెప్పలేను” అంది.

రావాల్సింది అక్క ఒక్కతే.

అక్క పెళ్లయిన ఏడాదికే బావ ఉద్యోగం వల్ల భూమికి అవతలి వైపునున్న ఊరికి వెళ్లిపోయింది. అక్కడ కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని నేర్చుకుని, ఇరవై ఏళ్లుగా అదే చేస్తోంది. ఆరేళ్ల కిందట నాన్న పోయినప్పుడు కబురు అందిన గంటలో బయల్దేరింది. అప్పట్లో రెండు విమానాలు మారి రావాలి. రెండోది తప్పిపోయింది. ఇక్కడేమో మూడు రోజులుగా ఎడతెగని వాన, ఆసుపత్రిలో ఇంకో పూట ఉంచడానికి చోటు లేదన్నారు. తమ్ముడు “ఇంక ఆపలేం” అని అంత్యక్రియలు కానిచ్చేశాడు. నడిపివాడు అవుననలేదు, కాదనలేదు. అక్క వచ్చేసరికి నాన్న మంచం మీద పరుపు కూడా చుట్టేసి ఉంది. ఆమె ఆ ఖాళీ మంచం కేసి చాలాసేపు చూసి తమ్ముడితో, “ఆఖరి చూపు కూడా లేకుండా చేశావు. ఇంక జన్మలో నీ మొహం నాకు చూపించకు” అంది. అంతే, ఆ ఆరేళ్లూ ఇద్దరికీ మాటల్లేవు. నడిపివాణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు. అతను మధ్యలో పుట్టినవాడు, మధ్యలోనే దాక్కున్నాడు.

ఇప్పుడు అతను ఫోన్ చేసి సంగతి చెబితే అవతలి నుంచి కాసేపు అద్దాలు అరగదీసే యంత్రం తిరుగుతున్న చప్పుడే వినిపించింది. తర్వాత అది ఆగింది.

“వాడే రమ్మన్నాడా, నువ్వు రమ్మంటున్నావా?” అంది అక్క.

“వాడే అడిగాడక్కా. నిన్న పొద్దున లేవగానే అడిగాడు.”

“రేపటి విమానానికి చోటుందేమో చూడు” అంది.

రెండు ఊళ్ల మధ్య ఆగకుండా ఎగిరే విమానం రెండేళ్లుగా నడుస్తోంది. అది వీళ్ల కంపెనీదే. మరుసటి రోజు ఆ విమానానికి దారి వేసే బల్ల నడిపివాడిదే.

నియమం ప్రకారం ఇంటి మనిషి ప్రయాణం చేస్తుంటే, అందులోనూ ఇలాంటి పనిమీద వస్తుంటే, షిఫ్టు ఇన్‌ఛార్జికి ముందే చెప్పాలి. చెబితే ఆవిడ అతన్ని ఆ బల్ల మీంచి లేపి ఇంకొకర్ని కూర్చోబెడుతుంది. అందుకే చెప్పలేదు. అక్కని తనే తీసుకురావాలనుకున్నాడు. నాన్నప్పుడు ఊరుకున్నవాడు ఈసారైనా ఏదో ఒకటి తన చేతులతో చెయ్యాలనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మామూలుకన్నా గంట ముందే వచ్చి గాలులు ఎటు వీస్తున్నాయో చూపించే పటాలు తీశాడు. గోళం మీద దారం లాగి కొలిస్తే రెండు విమానాశ్రయాల మధ్య దగ్గరి దారి పన్నెండు వేల తొమ్మిది వందల అరవై కిలోమీటర్లు. ఆ దారిన వస్తే పదిహేను గంటల ఐదు నిమిషాలు పడుతుంది. కానీ ఆ రోజు దక్షిణంగా, పదకొండు వేల మీటర్ల ఎత్తున, గాలి ఏరులా తూర్పుకి పారుతోంది. దానిలోకి దిగాలంటే దారి కిందికి వంచాలి. వంచితే దూరం నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు పెరుగుతుంది, సమయం తగ్గుతుంది. అతను ఒక వంపు వేసి చూశాడు, ఇంకో వంపు వేసి చూశాడు. ఏడో వంపు దగ్గర తెర మీద పద్నాలుగు గంటల ముప్పై ఆరు నిమిషాలు అని వచ్చింది. దగ్గరి దారికన్నా అరగంటకు ఒక్క నిమిషం తక్కువ ఆదా.

పక్క బల్ల ఆయన ఇటు తొంగిచూసి, “ఏంటి మాస్టారూ, గాలికి జడ వేస్తున్నారా?” అన్నాడు.

“చిక్కు తీస్తున్నా” అన్నాడు నడిపివాడు, తల ఎత్తకుండా.

విమానం ఇక్కడి టైము ప్రకారం రాత్రి ఎనిమిదింటికి ఎగిరింది. పొద్దున పది ముప్పై ఆరుకి దిగాలి. బయటికి రావడానికి, కారులో ఆసుపత్రికి చేరడానికి గంట. పదకొండున్నర, మహా అయితే పన్నెండు. రాత్రి షిఫ్టుకి వచ్చినావిడకి బల్ల అప్పగించి అతను ఆసుపత్రికి వెళ్లి, తమ్ముడి పక్కన కుర్చీలో నాలుగు గంటలు కునుకు తీసి, ఐదింటికల్లా మళ్లీ బల్ల దగ్గర ఉన్నాడు. తెర మీద విమానం ఆవగింజంత పచ్చచుక్కలా నీలం మీద పాకుతోంది. అనుకున్న టైముకన్నా రెండు నిమిషాలు ముందే ఉంది.

ఐదుంబావుకి మరదలు ఫోన్ చేసింది. తమ్ముడి భార్య కుట్టుపని చేస్తుంది, ఏడుపొచ్చినా మాట తడబడని మనిషి.

“బావగారూ, ఆయన లేచారు. వదిన ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోమంటున్నారు.”

“ఇంకా ఐదు గంటలా ఇరవై నిమిషాలు. నాలుగు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు.”

ఆవిడ పక్కకి తిరిగి అదే చెప్పింది. మాస్కు లోంచి తమ్ముడి గొంతు లీలగా వినిపించింది.

“ఏమంటున్నాడు?”

“‘అంత కచ్చితంగా అడిగానా’ అంటున్నారు.”

నడిపివాడు నవ్వాడు. ఆ రోజంతటికీ అదే ఆఖరి నవ్వు.

ఐదు నలభైకి బల్ల మీద ఎర్రదీపం ఉన్న ఫోన్ మోగింది. అది విమానం నుంచి వచ్చే ఫోన్. కెప్టెన్ గొంతు నిదానంగా ఉంది. అంత నిదానంగా మాట్లాడితే కబురు మంచిది కాదని ఈ గదిలో అందరికీ తెలుసు.

“మాస్టారూ, నలభై ఒకటో వరసలో ఒకాయన. యాభై అయిదేళ్లుంటాయి. గుండె నొప్పి. చెమటలు, వాంతి, ఎడమ చెయ్యి లాగేస్తోందంటున్నాడు. ప్రయాణికుల్లో డాక్టర్లు ఎవరూ లేరు. మన డాక్టరుగారిని కలపండి.”

కంపెనీకి ఇలాంటి వేళల్లో సలహా చెప్పే డాక్టరు ఒకాయన ఎప్పుడూ ఫోన్‌కి అందుబాటులో ఉంటాడు. నడిపివాడు ఆయన్ని కలిపాడు. డాక్టరు ఏడెనిమిది ప్రశ్నలు వేశాడు, విమానంలో ఉన్న చిన్న యంత్రం ఏం చూపిస్తోందో చదివించుకున్నాడు. తర్వాత అన్నాడు: “ఇది గుండెపోటే. ఆయన్ని ఎంత తొందరగా దింపితే అంత మంచిది. గంటలోపల అయితే ఆశ ఉంది. రెండు గంటలు దాటితే నేను పూచీ పడలేను.”

నడిపివాడు అప్పటికే పటం పెద్దది చేసి చూస్తున్నాడు. రెండు చోట్లున్నాయి. ఎడమ వైపున, దారికి బాగా దూరంగా ఒక దీవి. యాభై అయిదు నిమిషాలు. ఒకే రన్‌వే, చిన్నదైనా మంచి ఆసుపత్రి. రెండోది ముందున్న తీరంలో పెద్ద విమానాశ్రయం. అది దాదాపు దారి మీదే ఉంది, కానీ అక్కడికి రెండు గంటల ఇరవై నిమిషాలు.

అతని బుర్ర అడక్కుండానే లెక్క కట్టేసింది. తీరంలో దిగితే మొత్తం మీద గంటన్నర ఆలస్యం. పన్నెండూ ఐదుకి అక్క ఇక్కడ ఉంటుంది. దీవికి తిరిగితే మూడు గంటల పైమాటే.

దీవి వాతావరణ కాగితం తీశాడు. రన్‌వేకి అడ్డంగా వీచే పక్కగాలి గంటకి యాభై కిలోమీటర్లు, వాళ్ల లెక్కలో ఇరవై ఏడు నాట్లు. రన్‌వే తడి. తడి రన్‌వే మీద ఆ విమానానికి హద్దు ముప్ఫై. రెండు గంటల తర్వాత ముప్ఫై రెండుకి పెరగవచ్చని కింద ఇంకో వరస ఉంది.

ఆ కింది వరస కేసి అతను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత్తర్వాత ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకున్నాడు, ఆ చూసింది పది సెకన్లు కూడా ఉండదని. ‘దీవిలో గాలి హద్దు దాటేలా ఉంది, తీరానికి వెళ్లండి’ అంటే చాలు. అబద్ధం కాదు. కాగితం మీద ఉన్న మాటే. కెప్టెన్ నమ్ముతాడు. రేపు ఎవరు విచారించినా ఆ వరస చూపించవచ్చు. ఆ నలభై ఒకటో వరస మనిషి ఎవరో అతనికి తెలియదు.

“మాస్టారూ?” అన్నాడు కెప్టెన్.

“దీవికి తిప్పండి” అన్నాడు నడిపివాడు. “పక్కగాలి ఇరవై ఏడు. మీరు దిగే వేళకి హద్దు లోపలే ఉంటుంది. ఆ తర్వాత పెరుగుతుందంటున్నారు, కాబట్టి దిగడానికి ఒక్కసారే ప్రయత్నించే వీలుంటుందని అనుకోండి. అంబులెన్సు రన్‌వే పక్కనే ఉండేలా చూస్తాను.”

“దీవికే. ఒప్పుకుంటున్నా” అన్నాడు కెప్టెన్.

తెర మీద పచ్చచుక్క మెల్లగా ఎడమకి మళ్లింది. వెనక దాని దారి కొడవలిలా వంగింది. గమ్యానికి మిగిలిన దూరం అని రాసి ఉన్న చోట అంకె తగ్గడం ఆగి, పెరగడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నో విమానాలు అలా తిరగడం అతను చూశాడు. ఆ అంకెని మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

అంబులెన్సు, ఇంధనం, మెట్లు, అనుమతులు, అన్నిటికీ ఫోన్లు చేసేసరికి అరగంట పట్టింది. అప్పుడు లేచి ఇన్‌ఛార్జి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆవిడ అతనికన్నా పదేళ్లు చిన్న. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని విన్నది.

“మీ అక్కయ్య ఆ విమానంలో ఉన్నారా?”

“ఉంది.”

“ముందే చెప్పాలి కదా మాస్టారూ!”

“చెబితే కుర్చీలోంచి లేపేసేవారు.”

“లేపేసేదాన్నే.” ఆవిడ కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకుంది. “లేపేస్తే ఇప్పుడు ఇది చెప్పాల్సిన ఖర్మ మీకు ఉండేది కాదు. రిపోర్టు రాసిచ్చి వెళ్లండి. బల్ల నేను చూస్తాను. ఆసుపత్రికి వెళ్లండి.”

“దీవిలో దిగేదాకా ఉంటాను.”

ఆవిడ వద్దనలేదు. ఆరు ముప్పై ఎనిమిదికి విమానం ఒక్క ప్రయత్నంలోనే దిగింది.

అతను ఆసుపత్రికి వెళ్లేసరికి తమ్ముడి మంచం తల వైపు ఎత్తి పెట్టి ఉంది. మాస్కు చుట్టూ చెంపల మీద గీతలు పడ్డాయి. కళ్లు మాత్రం పూర్వంలాగే ఉన్నాయి. ఎవర్ని ఏ మాట అందామా అని వెతికే కళ్లు.

“ఎక్కడిదాకా?” అన్నాడు. ఒక్కో మాటకి మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

అబద్ధం చెబుదామనే దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు నడిపివాడు. ‘దగ్గరికి వచ్చేసింది’ అంటే సరిపోతుంది. కానీ ఆ కళ్ల ముందు నోరు పెగల్లేదు.

“పక్కకి తిరిగింది చిన్నోడా. ఎవరికో గుండెపోటు వచ్చింది. ఒక దీవిలో దిగారు. ఆయన్ని దింపి, ఇంధనం పోసుకుని రావాలి. రెండయిపోతుంది.”

మరదలు గబుక్కున మొహం అటు తిప్పుకుంది.

తమ్ముడు కళ్లు మూసి తెరిచాడు. “తిప్పింది... నువ్వేనా?”

“కెప్టెనూ, నేనూ. అవును. నేనే.”

తమ్ముడు మాస్కు కొంచెం పక్కకి లాగాడు. మరదలు వద్దన్నా వినలేదు.

“బండిలో మనిషి పడిపోతే... ఆపకుండా ఎట్లా పోతావు” అన్నాడు. “నేనూ అదే చేద్దును. కాకపోతే నా బస్సులోవాళ్లు... నన్ను తిట్టేవాళ్లు. నిన్ను తిట్టడానికి... నువ్వెక్కడున్నావో కూడా తెలీదు వాళ్లకి. మంచి ఉద్యోగం.”

నడిపివాడు అతని చెయ్యి పట్టుకున్నాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి మెత్తబడిపోయి ఉంది.

“అన్నయ్యా, ఒక మాట. నాన్నప్పుడు నేను ఆపలేదు. ఆపి ఉండాల్సింది. వానేంటి, పిడుగులు పడనీ... ఆపి ఉండాల్సింది. ఈసారి నువ్వు ఆపు. అక్క వచ్చేదాకా నన్ను కదలనివ్వకు. ఎవడొచ్చి తొందరపెట్టినా సరే. తనకి చెప్పు... చిన్నోడు చెప్పమన్నాడని. తప్పు నాదేనని.”

“నాది కూడా. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను.”

“అది నీ అలవాటేగా” అన్నాడు తమ్ముడు. మాస్కు వెనక నవ్వినట్టే అనిపించింది.

పదింటి తర్వాత మత్తులోకి వెళ్లిపోయాడు. మధ్యలో రెండుసార్లు కళ్లు తెరిచి తలుపు వైపు చూశాడు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి ఊపిరి ఆగింది. మరదలు దుప్పటి అంచు సరిచేసి, సరిచేసినదాన్నే మళ్లీ సరిచేస్తూ నిలబడింది.

నడిపివాడు కిటికీ దగ్గరికి వెళ్లాడు. బుర్ర మళ్లీ అడక్కుండానే లెక్క కట్టింది. తీరంలో దిగి ఉంటే పన్నెండూ ఐదు. బయటికి వచ్చి ఇక్కడికి చేరేసరికి ఒంటిగంట. ఇరవై నిమిషాలు. అక్క చెయ్యి తమ్ముడి చేతిలో ఇరవై నిమిషాలు ఉండేది. ఆ లెక్కలో తప్పుంటే బాగుండునని ఇంకోసారి వేశాడు. తప్పు లేదు.

దీవిలో గాలి పెరిగి కాసేపు బయల్దేరనివ్వలేదు. సిబ్బంది పని గంటలు దాటిపోతున్నా, కెప్టెన్ తనకున్న అధికారంతో పొడిగించుకుని బయల్దేరాడు. విమానం రెండూ ఐదుకి దిగింది.

వచ్చేవాళ్ల తలుపు దగ్గర నిలబడి నడిపివాడు అక్కని దూరం నుంచే చూశాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చిన్న సంచి భుజాన వేసుకుని, ముందున్న వాళ్లని దాటుకుని, దాదాపు పరుగెడుతూ వస్తోంది. అతని మొహం చూసింది. అడుగు ఆగింది.

“ఎప్పుడు?” అంది.

“గంట దాటింది.”

ఆమె ఏడవలేదు. పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుంది. జనం ఆమెని తప్పించుకుంటూ వెళ్తున్నారు.

“వాడెవడో పడిపోయాడట వెనకాల” అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. “విమానాన్ని తిప్పేశారు. ఎక్కడికో తీసుకుపోయారు. కిటికీలోంచి చూస్తే అంతా నీళ్లే. లేచి నిలబడి అరవాలనిపించింది.”

కారు దాకా వెళ్లాక చెప్పుకోవచ్చు. రేపు చెప్పుకోవచ్చు. అసలు చెప్పకపోయినా తెలిసేది కాదు. ఆరేళ్లు ఊరుకున్నదాని బరువు ఎంతో నడిపివాడికి తెలుసు.

“తిప్పింది నేనే అక్కా. ఆ విమానం నా బల్ల మీద ఉంది. ఇంకో చోట దింపితే నువ్వు వాణ్ణి చూసేదానివి. అక్కడిదాకా అయితే ఆయన బతకడన్నారు. అందుకని దీవికి తిప్పమన్నాను.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఒకప్పుడు ఖాళీ మంచం కేసి చూసిన చూపే అది. ఏమీ అనకుండా సంచి సర్దుకుని ముందుకు నడిచింది. కారులో కూడా మాట్లాడలేదు.

ఆసుపత్రిలో తమ్ముణ్ణి గదిలోనే ఉంచారు. మరదలు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మార్చురీకి తీసుకెళ్తామని రెండుసార్లు వచ్చిన మనిషిని, “వాళ్లక్క వస్తోంది. వచ్చేదాకా వీల్లేదు” అని రెండుసార్లూ వెనక్కి పంపేసింది. అక్కని చూడగానే కుర్చీ పక్కకి జరిపింది. అక్క ఒక్కతే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గంటా పది నిమిషాలు బయటికి రాలేదు. వరండాలో నడిపివాడూ మరదలూ నేల కేసి చూస్తూ కూర్చున్నారు. లోపలి నుంచి ఒకసారి మాటలు వినిపించాయి, దెబ్బలాడుతున్నట్టు. ఇంకోసారి పాట కాని పాటేదో. చిన్నోణ్ణి నిద్రపుచ్చడానికి ఆమె పదేళ్లప్పుడు కట్టుకున్నది.

తలుపు తీశాక నడిపివాడు తమ్ముడు చెప్పమన్నది చెప్పాడు. మాట మార్చకుండా, ఉన్నదున్నట్టు. వానేంటి పిడుగులు పడనీ అన్నదీ, నోరు మూసుకోవడం నీ అలవాటేగా అన్నదీ కూడా. ఆమె విని తలూపింది.

తర్వాత ఎనిమిది రోజులు అక్క ఆ ఇంట్లోనే ఉంది. మరదలికి వంట చేసి పెట్టింది, తమ్ముడి బట్టలు మడత పెట్టింది, వచ్చిన బస్సు డ్రైవర్లందరికీ టీ ఇచ్చింది. నడిపివాడితో కావలసినంత వరకే మాట్లాడింది. ‘తిన్నావా’, ‘ఆ డబ్బా అందుకో’. మొహం మీద తలుపు వేసినట్టు లేదు, అలాగని తీసినట్టూ లేదు. అతనూ అడగలేదు. కంపెనీ అతన్ని విచారించి, నిర్ణయం సరైనదేనని, చెప్పకపోవడం మాత్రం తప్పని రాసి, నెల రోజులు బల్లకి దూరంగా ఉండమంది. అదీ ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, ఆమె తిరుగు ప్రయాణానికి ఇంక ఒక రోజుందనగా, మేడ మీది గదిలో పెట్టె సర్దుకుంటూ అతన్ని పిలిచింది.

“తలుపు దగ్గరికి వెయ్యి” అంది. “ఒరేయ్ నడిపోడా, ఆ మనిషి బతికాడా?”

“ఏ మనిషి?”

“నలభై ఒకటో వరస.”

“తెలీదక్కా. దింపాక ఆయన మా లెక్కలో ఉండడు. ఎవరూ చెప్పరు.”

ఆమె చేతిలో ఉన్న చీర మడత విప్పి, మళ్లీ పెట్టింది.

“నేను ముప్పై ఎనిమిదో వరసలో ఉన్నాను. తిప్పుతున్నామని చెప్పగానే నాకేం అనిపించిందో తెలుసా? ఈ మనిషి ఇప్పుడే పోతే బాగుండును అనిపించింది. పోతే ఇంక తిప్పక్కర్లేదు కదా. అనిపించడం కాదు రా, అనుకున్నాను. కళ్లు మూసుకుని గట్టిగా అనుకున్నాను. దీవి వచ్చేదాకా అదే అనుకుంటూ కూర్చున్నాను. వాళ్లు ఆయన్ని మోసుకుంటూ నా పక్కనుంచే తీసుకెళ్లారు. బూటు ఒకటి ఊడి నా కాళ్ల దగ్గర పడింది. ఆయన చూశాడు, తీసి ఇస్తానేమోనని. నేను మొహం తిప్పుకున్నాను. వెనకాల అమ్మాయెవరో తీసి ఇచ్చింది.”

ఆమె చీరని పెట్టెలో పెట్టి మూత వేసింది.

“నీ మీద కోపంతో మాట్లాడలేదనుకున్నావు. మొదట కోపమే. ఆ గదిలో చిన్నోడి దగ్గర కూర్చున్నాక కోపం పోయింది. వాడూ నీలాగే చేసేవాడని నాకు తెలీదా? నీ మొహం చూస్తే నా మొహం నాకు గుర్తొస్తోంది, అందుకని మాట్లాడలేదు. నువ్వు ఇక్కడ కూర్చుని ఆయన్ని బతికించాలని చూస్తుంటే, నేను అక్కడ కూర్చుని చంపుతున్నాను.”

“అక్కా, నేను కూడా ఒక నిమిషం...” అని ఆగాడు. తర్వాత చెప్పాడు. గాలి కాగితంలో కింది వరస గురించి, ఆ పది సెకన్ల గురించి. ఇన్‌ఛార్జికి రాసిచ్చిన రిపోర్టులో కూడా రాయని మాట అది. అక్క అడ్డు రాకుండా వింది.

“పది సెకన్లేనా?” అంది.

“పదో, పదిహేనో.”

“నాది యాభై అయిదు నిమిషాలు” అంది ఆమె. “కనుక్కో. బతికాడో లేదో కనుక్కో. తెలీకుండా నేను ఆ విమానం మళ్లీ ఎక్కలేను.”

దీవిలో కంపెనీ పనులు చూసే ఏజెంటు నంబరు నడిపివాడికి నోటికి వచ్చు. ఇలాంటివి అడగకూడదు, వాళ్లు చెప్పకూడదు. అయినా కిందికి దిగి, వీధి చివర దాకా నడిచి, ఫోన్ చేశాడు. ఏజెంటు ముసలాయన. మాస్టారి గొంతు ఇరవై ఏళ్లుగా తెలుసు, మొహం ఎప్పుడూ చూడలేదు. విషయం విని, “పేరు అడగొద్దు, నేను చెప్పను. ఒక్క మాట మాత్రం చెప్తాను” అన్నాడు.

నడిపివాడు తిరిగి మెట్లెక్కేసరికి అక్క పెట్టె మీద కూర్చుని ఉంది. అతని అడుగుల చప్పుడు విని లేచి నిలబడింది.

“బతికాడు” అన్నాడు. “ఆ రోజే ఆపరేషన్ చేశారట. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారట అక్కడి డాక్టర్లు. నిన్న మధ్యాహ్నం భార్య వచ్చి తీసుకెళ్లింది. తన కాళ్ల మీద తనే నడిచి విమానం ఎక్కాడట. ఏజెంటే దగ్గరుండి ఎక్కించాడు.”

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విమానాశ్రయంలో ఏడవలేదు, తమ్ముడి గదిలోంచి వచ్చాక ఏడవలేదు, అంత్యక్రియలప్పుడు మరదల్ని పట్టుకుని నిలబడిందే గానీ ఏడవలేదు. ఇప్పుడు మంచం అంచున కూలబడి, చిన్నపిల్లలా, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. కింద నుంచి మరదలు కంగారుగా పైకి వచ్చి, గుమ్మంలో ఆగి, అక్క పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఏమైందని అడగలేదు.

మరునాడు విమానాశ్రయంలో అక్క లోపలికి వెళ్లే ముందు నడిపివాడి చొక్కా కాలరు సరిచేసింది. చిన్నప్పుడు బడికి పంపేముందు అలాగే చేసేది.

“వెళ్లేటప్పుడు ఎంతసేపు?” అంది.

“పదహారు గంటల పది నిమిషాలు. ఎదురుగాలి.”

“ఎవరు వేశారు దారి?”

“పక్క బల్ల ఆయన. మంచివాడే.”

“దిగగానే ఫోన్ చేస్తాను. నువ్వెత్తు. మరదలికి కూడా రోజూ చెయ్యి, రోజూ అంటే రోజూ. ‘అది నీ అలవాటు’ అని నాతో కూడా అనిపించుకోకు.”

ఆమె వరసలో నిలబడి, వంతు వచ్చాక లోపలికి వెళ్లింది. నడిపివాడు ఇంటికి బస్సులో వెళ్లాడు. బస్సు కదిలాక రెండో స్టాపు దగ్గర ఫోన్ తీసి మరదలికి చేశాడు. ఏం మాట్లాడాలో ముందుగా ఏమీ అనుకోలేదు. అవతల ఆమె ఎత్తగానే, “ఏం చేస్తున్నావమ్మా?” అన్నాడు. ఆమె కుట్టుమిషను దగ్గర ఉన్నానని చెప్పింది. అతను దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.